క్రిస్మస్ బజారుకి అమ్మని తీసుకెళ్లాలా, మానాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మల్కాజ్‌గిరిలో ఉంటాం, ప్రైవేటు ఉద్యోగం. అమ్మకి 76. మెదక్ దగ్గర మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. పెన్షన్ వస్తుంది. నాన్న పోయాక కూతుర్నైన నా దగ్గరే ఉంటోంది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఏటా క్రిస్మస్ ముందు ఒక రోజు సికింద్రాబాద్ వెళ్లాల్సిందే అంటుంది. బ్యాంకులో డబ్బు, కొత్త నోట్లు, జనరల్ బజార్‌లో అందరికీ బట్టలు, కళ్లద్దాలు, కేకు సామాను, పెద్దక్షరాల బైబిలు, అన్నీ ఆ ఒక్క రోజే అవ్వాలి. పోయినేడు డిసెంబర్ 22న సెలవు పెట్టి తీసుకెళ్లాను. బజారంతా జనం. బట్టల కొట్లో అమ్మ పర్సు తీసి నోట్లు లెక్కపెడుతుంటే లేటవుతోందని నేనే ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేశాను. బయటికొచ్చాక కళ్లు తిరుగుతున్నాయంటూ పక్క కొట్టు మెట్ల మీద కూలబడింది. చెమటలు పట్టాయి. ఎవరో నీళ్లిచ్చారు. ఆటోలు దొరకలేదు. ఇంటికొచ్చాక ఇద్దరం అరుచుకున్నాం, పండగ దాకా సరిగ్గా మాట్లాడుకోలేదు. ఈసారి అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటే "అయితే నాకు పండగే వద్దులే" అంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య మాత్రం అమ్మని ఇల్లు కదలనివ్వొద్దని రోజూ ఫోన్. పైగా అమ్మ క్రిస్మస్ నాడు మెదక్ గుడికి, అంటే అక్కడి పెద్ద చర్చికి, తీసుకెళ్లమంటోంది. ఇంట్లో సాయానికి కాలేజీ చదివే మా అబ్బాయి ఉన్నాడు. నన్నేం చేయమంటారు?

సమాధానం:

తీసుకెళ్లండి. ఇంట్లో కూర్చోబెట్టి ఫోన్లో చీరల బొమ్మలు చూపిస్తే ఆవిడకి పండగ రాదు, మీకు మనశ్శాంతీ రాదు. కాకపోతే పోయినేడు వెళ్లినట్టు వెళ్లకండి.

అమ్మగారికి కళ్లు తిరిగిన సంగతి మీరు వివరంగా రాశారు. ఫోన్‌తో డబ్బు కట్టేసిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయాను. కళ్లు ఎందుకు తిరిగాయో కనుక్కుని సరిచేసుకోవచ్చు, దాని గురించి కింద రాస్తాను. ఇంటికొచ్చి అరుచుకోవడం, పండగ దాకా ముభావంగా ఉండిపోవడం మాత్రం నీరసం వల్ల వచ్చినవి కావు. నాకు తెలిసి ఆ కౌంటరు దగ్గర మొదలయ్యాయి.

ఒకసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ డిసెంబర్‌లో చేతికొచ్చిన జీతంతో ఇంటిల్లిపాదికీ బట్టలు తెచ్చిన మనిషి. ఇప్పుడు ఇల్లు మీది, వంటిల్లు మీది. పాలూ కూరలూ యాప్‌లో మీరే తెప్పిస్తారు. డాక్టరు దగ్గర కూడా "అమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండీ" అని మాట్లాడేది మీరే. మీరు చేసేదాంట్లో తప్పేం లేదు, అంతా ప్రేమే. కాని ఏడాది పొడుగునా పుచ్చుకునే మనిషిగా ఉన్నావిడ ఇచ్చే మనిషిగా ఉండేది ఆ ఒక్క రోజు. దానికోసం ముందురోజు రాత్రే ఎవరికెంతో లెక్క చూసుకుని, నోట్లు విడివిడిగా మడిచి పర్సులో పెట్టుకునే ఉంటారు. ఒక మడత కోడలిది, ఒకటి మనవడిది, ఒకటి మీ ఇంట్లో పనిచేసే ఆవిడది. అన్ని మడతలు విప్పాలంటే టైము పడుతుంది మరి. మీకు అక్కడ కనిపించింది ఆలస్యం. కొట్టువాడికి కనిపించింది, కూతురు డబ్బు కడుతున్న ఒక ముసలావిడ. ఆవిడ చేతిలో మిగిలింది, ఎవరికీ ఇవ్వలేకపోయిన డబ్బు.

కాబట్టి మొదటి షరతు మీకే. బట్టల కొట్లో మీ ఫోను బ్యాగులోంచి బయటికి రాకూడదు. వెనక పదిమంది నిలబడి ఉన్నా సరే, ఆవిడే లెక్కపెట్టాలి, ఆవిడే ఇవ్వాలి, చిల్లర ఆవిడ చేతికే రావాలి. బేరమాడుతుంటే "యాభై రూపాయలకి ఏంటమ్మా, ఇచ్చేయ్" అని మధ్యలో దూరకండి. ఆవిడ ఏళ్ల తరబడి పిల్లకాయల్ని సంభాళించిన టీచరు, కొట్లో కుర్రాణ్ణి సంభాళించలేరా?

ఇక లిస్టు సంగతి. అది కొండవీటి చాంతాడంత ఉంది. సెలవు ఒక్కటే కాబట్టి ఒకే దెబ్బకి ఆరు పిట్టలు కొట్టాలనుకున్నారు, అక్కడే దెబ్బతిన్నారు. ఒక్కో పని తీసుకుని, దీనికి అమ్మ స్వయంగా రావాలా, ఆవిడ మాట ఉంటే చాలా, లేక ఎవరు చేసినా ఒకటేనా అని అడుగుతూ పోండి. చివరికి ఆ రోజుకి మిగిలేది బట్టలు ఒక్కటే.

బ్యాంకు పని ఆ రోజు లిస్టులోంచి ముందే కొట్టేయండి. 70 ఏళ్లు దాటిన వాళ్లకి డబ్బు ఇచ్చిపోవడం, తీసుకెళ్లడం, లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే పత్రం) తీసుకోవడం లాంటి పనులు ఇంటి దగ్గరే చేసే ఏర్పాటు ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. అడిగితేగాని ఆ మాట చెప్పని బ్రాంచీలు ఉంటాయి కాబట్టి అడగండి. లైఫ్ సర్టిఫికెట్ అయితే ఆధార్ ఫేస్ యాప్‌తో మీ ఫోన్లోనే ఇంట్లో కూర్చుని చేయొచ్చు, మీ అబ్బాయికి ఆ పని అప్పగించండి. మీ అమ్మగారి పెన్షన్‌కి గడువు ఏ నెలో మాత్రం పెన్షన్ ఇచ్చేచోట కనుక్కోండి, అందరికీ ఒకేలా ఉండదు.

కాని నన్నడిగితే, బ్యాంకు వాళ్లని ఇంటికి పిలవడం కంటే ఆవిడ్నే బ్యాంకుకి తీసుకెళ్లడం మంచిది. పాస్‌బుక్ ప్రింటయ్యే చప్పుడు వింటే కొందరు పెద్దవాళ్లకి ఓ ధైర్యం. ఖాతా ఇంకా దూరపు బ్రాంచిలోనే ఉంటే మల్కాజ్‌గిరి బ్రాంచికి మార్పించుకోవచ్చు. అదే బ్యాంకులో అయితే సాధారణంగా అకౌంటు నంబరు మారదు, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారుతుంది. పెన్షన్ పడే ఖాతా కాబట్టి పెన్షన్ వాళ్లకి ఏమైనా తెలియజేయాలేమో బ్రాంచిలో అడిగి చేయండి. నెల మొదటి నాలుగైదు రోజులూ పెన్షనర్ల రద్దీ. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మధ్యలో ఒక మామూలు రోజు చూసుకుని పదింటికల్లా వెళ్తే గంటలో బయటపడతారు. కొత్త నోట్లు కావాలంటే కౌంటర్లో ముందే చెప్పి ఉంచండి. పండగ దగ్గరపడే కొద్దీ అవి దొరకడం కష్టం. పది రూపాయల కట్టంటే వెయ్యి, ఇరవై కట్టంటే రెండు వేలు. సండే స్కూలు పిల్లలకీ, క్యారల్స్‌కి వచ్చే గుంపుకీ, కానుక కవర్లకీ అవి చాలు.

చేతులు వణికి సంతకం కలవట్లేదని బ్యాంకులో ఇబ్బంది పెడితే నొచ్చుకోకండి, ఆవిడ్ని నొప్పించనీయకండి. సంతకం చేయలేని స్థితిలో ఉన్న పెద్దవాళ్ల వేలిముద్రకి ఇద్దరు సాక్షులుంటే డబ్బు ఇవ్వొచ్చన్న నిబంధన ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. అయితే టీచరమ్మతో వేలిముద్ర వేయించే ముందు కొత్త స్పెసిమెన్ సంతకం, అంటే బ్యాంకు పోల్చి చూసుకునే నమూనా సంతకం, ఇప్పించే దారి చూడండి. ఆవిడకి అది ముఖ్యం.

కళ్లద్దాలు బట్టల రోజున పెట్టనే పెట్టకండి. కంటి డాక్టరు చుక్కల మందు వేసి పాపని పెద్దది చేసి చూస్తే, ఆ తర్వాత కొన్ని గంటలపాటు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండకి కళ్లు చికిలిస్తాయి. ఆ కళ్లతో జనరల్ బజార్ సందుల్లో మెట్లూ గట్లూ దాటడం ఎలా? చీర రంగు ఏం తెలుస్తుంది? షుగరుంది కాబట్టి ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాల్సిందే. దాన్ని నవంబర్‌లోగాని జనవరిలోగాని విడిగా పెట్టుకోండి. వదులైన ఫ్రేము బిగించడమే పనయితే మీ వీధిలో ఆప్టికల్ షాపు చాలు.

పెద్దక్షరాల బైబిలుకి పండగ గడువేం లేదు. కాని అది ఆన్‌లైన్‌లో కొనే వస్తువు కూడా కాదు. అక్షరం పెద్దదయ్యే కొద్దీ పుస్తకం బరువెక్కుతుంది. ఒళ్లో పెట్టుకుని, పేజీ తిప్పి, కీర్తనల దగ్గర తెరిచి చూసుకోవాలి. మణికట్టు లాగేస్తోందంటే కీర్తనలతో కలిపి ఉన్న కొత్త నిబంధన పెద్దక్షరాల్లో దొరుకుతుందేమో అడగండి. సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌కి జనవరిలో తీరిగ్గా వెళ్లండి, అప్పుడు కొట్టువాళ్లకీ తీరికే.

కేకు సామానుకి ఆవిడ బజారుకి రానక్కర్లేదు. మీ అబ్బాయి మోండా మార్కెట్లో కిస్‌మిస్, చెర్రీ, జీడిపప్పు తెచ్చి ఇస్తే చాలు, తొడిమెలు తీసి తరిగి ద్రాక్ష రసంలో నానబెట్టే పెత్తనం ఆవిడకివ్వండి. మన జంట నగరాల్లో మైదా, గుడ్లు, వెన్న, డ్రైఫ్రూట్స్ ఇంటి నుంచి పట్టుకెళ్లి బేకరీ ఓవెన్‌లో కాల్పించుకునే అలవాటు చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఇంకా ఉంది. మీకు అందుబాటులో అలాంటి బేకరీ ఉంటే ముందే తేదీ రాయించుకోండి. ట్రేలు చాలక ఆఖరి వారంలో కాదంటారు. పక్కన నిలబడి పిండి కలుపుతున్నవాడికి "ఇంకాస్త గిలక్కొట్టు నాయనా" అని చెప్పే భాగ్యం మా మేనత్త ఒకావిడ ఎవరికీ వదిలేది కాదు. మీ అమ్మగారూ ఆ కోవకి చెందితే ఒక కుర్చీ అడిగి వేయించండి.

ఇప్పుడు బట్టలు. ఇవి ఆవిడ లేకుండా కుదరవు. చీర అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడాలి. నలిపి వదిలితే ముడత ఉండిపోయిందా, విచ్చుకుందా చూడాలి. కొంగు తిరగేసి వెనక దారాలు లాగి ఉన్నాయేమో చూడాలి. ట్యూబ్‌లైటు కింద మెరూన్‌లా ఉన్నది గుమ్మం దగ్గరికి తెస్తే ఏ రంగో చూడాలి. ఆ తర్వాత "ఇది కోడలికి బాగుంటుంది, కూతురికి వద్దు" అనాలి. ఇది ఏ యాప్‌లోనూ దొరికే సరుకు కాదు, మీరూ నేనూ కూడా ఇంత శ్రద్ధగా చేసే పని కాదు.

డిసెంబర్ 10కీ 16కీ మధ్య మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు పెట్టుకోండి. అమ్మగారు "పండగ దగ్గరికొస్తే కొత్త స్టాకొస్తుంది" అనొచ్చు. అప్పుడు మీరు చెప్పాల్సింది ఒకటే, 22న కొన్న చీరకి జాకెట్టు ఎవరు కుడతారమ్మా? క్రిస్మస్‌కి ఇవ్వాల్సినవి డిసెంబర్ సగం దాటాక చాలామంది టైలర్లు తీసుకోరు. ఫాల్ కుట్టించాలి, పీకో చేయించాలి. ఈ ఒక్క మాటకి ఆవిడ దిగొస్తారు చూడండి. తేదీ అనుకునే ముందు మీ చర్చి సంఘం వాళ్ల ప్రోగ్రాం కూడా చూసుకోండి. డిసెంబర్ అంతా సెమీ క్రిస్మస్‌లు (పండగకి ముందు జరిపే వేడుకలు), స్త్రీల కూటాలు, రాత్రిళ్లు క్యారల్స్. అర్ధరాత్రి దాకా క్యారల్స్ వాళ్లకి టీలు ఇచ్చి మర్నాడు పొద్దున బజారంటే ఇరవై ఏళ్ల పిల్లకే కళ్లు తిరుగుతాయి.

ఆ కళ్లు తిరగడం మాటకొద్దాం. ముందు డాక్టరుకి చూపించండి. చూపించారో లేదో మీ ఉత్తరంలో లేదు. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ తేడా చూడమని అడగండి. లేవగానే బీపీ పడిపోవడం ఈ వయసులో తరచు కనిపించేదే, కొన్ని బీపీ మాత్రలతో అది పెరుగుతుంది. చెమటలు పట్టాయన్నారు కాబట్టి షుగరు పడిపోయి ఉండొచ్చన్న అనుమానం నాకుంది. హడావుడిలో మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు కూడా తినకుండా బయల్దేరారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు మాత్రలు ఏవి ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్నే అడగాలి. మీ అంతట మీరు మానిపించొద్దు.

మూడో కారణం డాక్టరు అడగడు, అమ్మ చెప్పదు. బజార్లో టాయిలెట్ ఉండదన్న భయంతో మన ఆడవాళ్లు పొద్దున్నుంచే నీళ్లు మానేస్తారు. అందులో నీళ్ల మాత్ర, అంటే ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసేది, వేసుకునే వాళ్లయితే మరీ. వయసు మళ్లాక దాహం కూడా సరిగ్గా తెలియదు. కాబట్టి ప్లాన్ అంతా టాయిలెట్ చుట్టూ వేయండి, సిగ్గుపడకుండా. లిఫ్టూ టాయిలెట్టూ ఉన్న ఒక పెద్ద బట్టల షాపు ముందు పెట్టుకోండి, అక్కడే ఎక్కువ కొనండి. ఆవిడ ఏళ్లుగా వెళ్లే చిన్న కొట్టు ఉంటే రెండోది అది. మెట్రో స్టేషన్లలోనూ టాయిలెట్లు ఉంటాయి, అవసరానికి గుర్తుంచుకోండి. వెళ్లేముందు ఆవిడతో, "అక్కడ బాత్‌రూమ్ ఉందమ్మా, నేను చూశాను, నీళ్లు తాగు" అని చెప్పండి. ఆ ఒక్క హామీతో సగం టెన్షన్ పోతుంది.

ప్రయాణానికి గంటల లెక్కన మాట్లాడుకునే క్యాబ్ మంచిది. అదే కారు తిరుగు ప్రయాణానికీ ఉంటుంది, ఆటోల కోసం రోడ్డు మీద నిలబడే పని తప్పుతుంది. జనరల్ బజార్ సందుల్లోకి కారు రాదు. ఎం.జీ. రోడ్డు మీద దిగి నడవాలి, డ్రైవరు ఎక్కడ ఆగుతాడో దిగేటప్పుడే తేల్చుకోండి. "ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదే, కారుకి ఎందుకు తగలేస్తావ్" అని ఆవిడ అంటారు, రాసిపెట్టుకోండి. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైన దగ్గర్నుంచీ ఆ మాట అనని అమ్మ తెలంగాణలో లేదు. ఆవిడకి ఆ ముచ్చటా తీర్చండి, కాని రద్దీ లేని మధ్యాహ్నం పూట, దగ్గర్లో వేరే పని మీద వెళ్లినప్పుడు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే అదో సంబరం. సంచులతో, మోకాళ్ల నొప్పితో, పండగ రోజుల్లో మాత్రం ఆ బస్సు మెట్లు ఎక్కించకండి. మెట్రోలో లిఫ్టులున్నాయి గాని స్టేషన్ నుంచి బజారు దాకా నడక ఆవిడ మోకాళ్లకి ఎక్కువ.

కొట్లు తెరిచే వేళకి, అంటే పదకొండు ప్రాంతానికి అక్కడుండండి. సందులు ఖాళీగా ఉంటాయి, కొట్టువాడికి బోణీ బేరం, ఓపిగ్గా చూపిస్తాడు. పాత కొట్లలో తెల్ల పరుపు మీద కింద కూర్చోమంటారు. ఆవిడ మొహమాటానికి కూర్చుంటారు, లేవడానికి ఇద్దరు కావాలి. లోపలికి అడుగుపెడుతూనే మీరే స్టూలు అడగండి. పాత చెప్పులే వేసుకోనివ్వండి, కొత్తవి ఆ రోజు వద్దు. మెళ్లో గొలుసు ఇంట్లో పెట్టి రమ్మనండి. సంచులన్నీ మీ అబ్బాయికి, పర్సు ఒక్కటే ఆవిడకి. ఆ పర్సులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ, మాత్రల పేర్లు, నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు ఉండాలి.

మీ అబ్బాయికి ముందే ఒక మాట చెప్పండి. అమ్మమ్మ అడిగితేగాని చేయి పట్టుకోవద్దు, మెట్ల దగ్గర మాత్రం ఒక మెట్టు కింద నిలబడాలి. పట్టుకుని నడిపిస్తే ఆవిడకి చిన్నతనం. పక్కన నడుస్తూ ఉంటే ఆవిడే ఆ భుజం మీద చేయి వేస్తారు.

ఎక్కడ ఆపాలన్నది అసలు కష్టం. పెద్దవాళ్లు అలసిపోయామని చెప్పరు, మాట తగ్గిస్తారు. బేరం మానేసి అడిగినంత ఇచ్చేస్తున్నారంటే ఆగాల్సిన టైము దాటిపోయిందని అర్థం. అప్పుడు "నువ్వు అలసిపోయావమ్మా, ఇంక చాలు" అన్నారంటే ఇంకో మూడు కొట్లు తిరుగుతారు, పంతం కదా. "నాకు చాయ్ తాగాలనుంది" అనండి. సికింద్రాబాద్‌లో ఫ్యామిలీ సెక్షన్ ఉన్న ఇరానీ హోటల్‌కి కొదవా? ఫ్యాన్ కింద కూర్చుని, ఉస్మానియా బిస్కెట్ తుంచుకుని, ఎవరికేం కొన్నామో లెక్క చూసుకుంటుంటే అరగంట ఇట్టే గడుస్తుంది. చక్కెర లేని చాయ్ ఇరానీవాడు ఇవ్వలేడు. సగం కప్పుకి మీరు కళ్లు మూసుకోండి. ఇంకా మిగిలినవి ఉంటే ఆవిడ ముఖం చూసి నిర్ణయించుకోండి. రెండింటికల్లా ఇంటికి చేరాలి, భోజనం ఇంట్లోనే.

ఇంత చేసినా మళ్లీ కళ్లు తిరిగాయే అనుకోండి. ఉన్నచోటే పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే గ్లూకోజ్ గాని చక్కెర నీళ్లు గాని ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. మూతి వంకరపోయినా, ఒక చేయి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, గుండెల్లో నొప్పి అన్నా ఆటో కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

మీ అన్నయ్యగారి సంగతి. దూరాన ఉన్నవాళ్లకి భయం ఎక్కువ, చేయగలిగింది తక్కువ. అందుకే రోజూ ఫోన్. ఆయనకి ఒక పని ఇవ్వండి. బజారుకి ముందొచ్చే ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడి లిస్టు రాయించే బాధ్యత ఆయనది, తన పిల్లల కొలతలూ ఇష్టాలూ ఆయనే చెప్పాలి. డబ్బు పంపిస్తానంటే క్యాబుకీ డాక్టరుకీ పంపమనండి, బట్టలకి వద్దు. అవి అమ్మ డబ్బుతోనే కొనాలి. మీరు పదకొండింటికి కొట్లో ఉండే వేళకి డాలస్‌లో రాత్రి పదకొండున్నర. ఆ టైములో "అమ్మ ఎలా ఉంది, నీళ్లు తాగిందా" అని వీడియో కాల్ చేస్తే ఎత్తకండి, ఇంటికొచ్చాక ఆవిడ చేతే మాట్లాడించండి. "ఇల్లు కదలనివ్వొద్దు" అన్న మాటకి జవాబు డాక్టరు దగ్గర తీసుకోండి, ఆయన వెళ్లొచ్చంటే ఆ మాటే అన్నయ్యకి చెప్పండి. డాక్టరు వద్దంటే మాత్రం నేను రాసిందంతా పక్కన పెట్టి ఆయన మాటే వినండి. అప్పుడు ఆవిడకి తెలిసిన కొట్టువాణ్ణి అడిగి, నాలుగు చీరల మూట ఇంటికి తెప్పించుకుని చూసే ఏర్పాటు చేసుకోవచ్చు. డబ్బు అప్పుడూ ఆవిడే ఇవ్వాలి.

ఇక మెదక్. డిసెంబర్ 25న మాత్రం వద్దు. తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది, ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి, కారు ఎక్కడో ఆపి నడవాలి. షుగరున్న మనిషిని అర్ధరాత్రి లేపి సుమారు వంద కిలోమీటర్లు తీసుకెళ్లి ఆ జనంలో నిలబెట్టలేం. ఆవిడ ఒప్పుకోవాలంటే ఒక మంచి కారణం ఉంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గుడిలో చూడాల్సినవి రంగు అద్దాల కిటికీలు కదా, యేసు జననం, సిలువ, ఆరోహణం. అవి బయటి ఎండతో వెలిగే కిటికీలు. తెల్లవారుజామున చీకట్లో వాటిలో ఏమీ కనిపించదు. జనవరిలో ఒక మామూలు రోజు, ఆదివారం కాకుండా, పొద్దున టిఫిన్ తిని ఎనిమిదింటికి బయల్దేరండి. ఎండెక్కే వేళకి లోపల బల్ల మీద కూర్చుని ఉంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు యాభైల్లో ఉంటారు, ఒకరిద్దరికి ముందే ఫోన్ చేయించండి. భోజనానికి వాళ్లింటికి రమ్మంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి, రాత్రికి ఉండమంటే మాత్రం మాత్రల డబ్బా తెచ్చుకున్నారో లేదో చూసుకుని ఒప్పుకోండి.